సర్వర్ నిర్వహణకు వెబ్ ప్యానెల్ సరిపోతుందా, కమాండ్ లైను నేర్చుకోవాలా?

మీరు ఇటీవలే కడపలో ఒక చిన్న సంస్థలో చేరారనీ, రెండు లినక్స్ సర్వర్ల బాధ్యత మీమీద పడిందనీ, బ్రౌజర్‌లోంచే సర్వర్‌ను నడిపించే వెబ్‌మిన్ అనే వెబ్ ప్యానెల్‌తో రోజువారీ పని గడిచిపోతున్నప్పుడు, ఆదేశాలను టైప్ చేసి పని చేయించే కమాండ్ లైనును నెలల తరబడి కూర్చుని నేర్చుకోవడం నిజంగా అవసరమా అనీ అడిగారు. అవసరమేనని నా అభిప్రాయం. నేను అనంతపురంలో ఉంటూ పన్నెండేళ్లుగా కళాశాలలకూ వ్యాపార సంస్థలకూ సర్వర్లు చూసిపెడుతున్నాను. వెబ్ ప్యానెళ్లను నేను తక్కువ చేసి మాట్లాడను, ఈ రోజుకూ వాడుతున్నాను. కానీ ఆ ప్యానెల్ కూడా అదే సర్వర్‌లో, అదే డిస్కునూ మెమొరీనీ పంచుకుంటూ నడిచే మరో ప్రోగ్రాం మాత్రమేనన్న సంగతి నాకు ఒక రోజు చాలా గట్టిగా తెలిసివచ్చింది.

ఒక కళాశాలలో పరీక్ష ఫీజు కట్టడానికి అది చివరి రోజు. నేను కర్నూలుకు బస్సులో వెళ్తున్నాను. గుత్తి దాటిన కాసేపటికి, ఫీజు పేజీ తెరుచుకోవడం లేదనీ, పిల్లలు కార్యాలయం ముందు గుమిగూడుతున్నారనీ ఫోను వచ్చింది. వెంటనే ఫోనులోని బ్రౌజర్‌లో ప్యానెల్ తెరిచాను. పాస్‌వర్డ్ ఇచ్చిన ప్రతిసారీ అది మళ్లీ లాగిన్ పేజీకే తెస్తోంది తప్ప, పాస్‌వర్డ్ తప్పు అని కూడా చెప్పడం లేదు. ఆ ప్యానెల్ పీహెచ్‌పీతో నడిచేది. డిస్కు పూర్తిగా నిండిపోయినందువల్ల లాగిన్ అయినవారిని గుర్తుంచుకునే సెషన్ ఫైలు రాసుకోవడానికి దానికి చోటు లేదని తర్వాత గాని అర్థం కాలేదు.

అప్పుడు కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ యాప్ ద్వారా, దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా చేరే ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లాను. సిగ్నల్ వస్తూ పోతూ ఉన్నా, అటూ ఇటూ ప్రయాణించేవి కొన్ని అక్షరాలే కాబట్టి పని సాగింది. మధ్యలో కనెక్షన్ తెగినా చేస్తున్న పని ఆగకుండా సెషన్‌ను సర్వర్‌లోనే నడిపిస్తూ ఉంచే టీమక్స్ అనే ప్రోగ్రాం కాపాడింది. డిస్కులో ఫైళ్లను అమర్చే ఎక్స్ట్4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) కోసం అట్టిపెడుతుంది. కాబట్టి ఇతర ప్రోగ్రాములకు ఊపిరాడకపోయినా రూట్‌గా నేను కదలగలిగాను. ‘డీఎఫ్’ కమాండు డిస్కు 100 శాతం నిండిందని చూపింది. ‘డీయూ’ కమాండుతో ఫోల్డర్లన్నీ కలిపి లెక్కిస్తే సగం కూడా రావడం లేదు. ఈ రెండు లెక్కలకూ పొంతన కుదరనప్పుడు మొదట అనుమానించవలసింది, తొలగించిన తర్వాత కూడా ఏదో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) తెరిచి పట్టుకుని ఉన్న ఫైలును.

జరిగింది అదే. ఉదయం డిస్కు నిండుతోందన్న హెచ్చరిక చూసి, కార్యాలయంలో ఒకరు ప్యానెల్‌లోని ఫైల్ మేనేజర్ నుంచి ఫీజుల అప్లికేషన్ తన పని వివరాలు రాసుకునే పెద్ద లాగ్ ఫైలును తొలగించారు. జాబితాలోంచి పేరు మాయమైంది కాబట్టి పని అయిపోయిందని వారు అనుకోవడం సహజమే. ఫీజుల అప్లికేషన్ మాత్రం ఆ పేరు లేని ఫైలులోకే గంటల తరబడి రాస్తూ పోయింది. లినక్స్‌లో ఫైలును తొలగించడమంటే దాని పేరును తీసివేయడమే. దాన్ని తెరిచి ఉంచిన చివరి ప్రాసెస్ వదిలినప్పుడే చోటు తిరిగివస్తుంది. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ కమాండు తెరిచి ఉన్న ఫైళ్ల జాబితాలో ఆ ప్రాసెస్‌ను, పక్కనే ‘డిలీటెడ్’ అన్న గుర్తును చూపింది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేయగానే చోటంతా ఒక్కసారిగా వెనక్కి వచ్చింది, ఫీజు పేజీ తెరుచుకుంది. తొలగించినవారిని నేను తప్పుపట్టలేదు. ఆ ప్యానెల్‌లో ఎన్ని మెనూలు తిప్పినా ఈ విషయం కనిపించే తెర ఒక్కటీ లేదు.

ప్యానెల్ ఎంచుకునే ముందు అది సర్వర్ సెట్టింగులను ఎలా చూస్తుందో తెలుసుకోండి. సీప్యానెల్ వంటివి, వెబ్ పేజీలను అందించే అపాచీ ప్రోగ్రాం కాన్ఫిగరేషన్‌ను తమ టెంప్లేట్ల నుంచి తిరిగి తయారుచేస్తాయి. మీరు చేత్తో దిద్దిన మార్పులు ఆ తయారీలో కొట్టుకుపోతాయి. కాక్‌పిట్ అనే ప్యానెల్ తీరు వేరు. అది సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ వంటి సర్వర్‌లోని సొంత సాధనాలతోనే మాట్లాడుతుంది కాబట్టి టెర్మినల్‌లో చేసిన మార్పు అక్కడా, అక్కడ చేసినది టెర్మినల్‌లోనూ కనిపిస్తుంది. అందుకే కొత్తవారికి నేను కాక్‌పిట్‌నే సూచిస్తాను.

వెబ్‌మిన్ వాడుతున్నారు కాబట్టి ఒక మాట తప్పక చెప్పాలి. 2018లో దాన్ని తయారుచేసే సర్వర్‌లోకే ఎవరో చొరబడి హానికరమైన కోడ్ చేర్చారు, అది 1.890 వెర్షన్‌తో బయటికి వెళ్లి, 2019 ఆగస్టులో 1.930 వచ్చేదాకా సరికాలేదు. రూట్ అధికారంతో నడిచే ప్యానెల్‌ను 10000 పోర్టులో ఊరందరికీ కనిపించేలా తెరిచి పెట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టును మూసి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ లోపలి నుంచి వేసుకునే దారి) ద్వారా మాత్రమే ప్యానెల్‌లోకి వెళ్లండి.

కమాండ్ లైనుకూ దాని ప్రమాదం దానికి ఉంది. రెండు టెర్మినళ్లు పక్కపక్కన తెరిచి, పరీక్షల కోసం పెట్టిన సర్వర్ అనుకుని అసలు సర్వర్‌నే రీబూట్ చేసిన రోజు నాకు ఉంది. ఆ తర్వాత అసలు సర్వర్ల ప్రాంప్టును (కమాండు టైప్ చేసే చోటికి ముందు కనిపించే గుర్తు) ఎరుపు రంగులోకి మార్చుకున్నాను. ఫైర్‌వాల్ నియమాలు మార్చేటప్పుడు రెండో ఎస్ఎస్‌హెచ్ సెషన్ ఒకటి తెరిచే ఉంచుతాను. అయినా బయటే ఉండిపోవలసివస్తే, సర్వర్ అద్దెకిచ్చినవారు బ్రౌజర్‌లో చూపే కన్సోలే దిక్కు. అది ఎక్కడుందో, దాని పాస్‌వర్డ్ ఏమిటో ఈ రోజే చూసిపెట్టుకోండి.

నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా చేయండి. రెండు సర్వర్లలోనూ ఎట్‌సీ‌కీపర్ పెట్టుకోండి. అది ఎట్‌సీ ఫోల్డర్‌లోని (సెట్టింగుల ఫైళ్లుండే చోటు) మార్పులను, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో భద్రపరుస్తుంది. ప్యానెల్‌లో ఏదైనా సెట్టింగు మార్చిన వెంటనే, టెర్మినల్‌లోకి వెళ్లి ఎట్‌సీ ఫోల్డర్ నుంచి ‘గిట్ డిఫ్’ ఇవ్వండి. మీ ఒక్క క్లిక్కుతో ఏ ఫైలులో ఏ వరుస మారిందో ఎదురుగా కనిపిస్తుంది. తర్వాతిసారి అదే మార్పును ప్యానెల్ తెరవకుండా చేత్తో చేసి చూడండి.