థర్మల్ ప్లాంట్‌లో అసలు తలనొప్పులు ఎక్కడుంటాయి? బాయిలర్ దగ్గర పనిచేసినవాడి జవాబు

అడిగిన ప్రశ్న: "థర్మల్ ప్లాంట్‌లో ట్రైనీ ఇంజనీర్‌గా చేరబోతున్నాను. బొగ్గుతో కరెంటు తీయడంలో నిజంగా వచ్చే సమస్యలేంటి? వాటికి పరిష్కారాలున్నాయా? పుస్తకాల్లో ఉన్నది కాకుండా, పనిచేసినవాళ్లు చెప్పండి."

ముందుగా ఉద్యోగం వచ్చినందుకు అభినందనలు. నేను మొదట బాయిలర్ మెయింటెనెన్స్‌లో, ఆ తర్వాత ఆపరేషన్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జిగా పనిచేసి రిటైరయ్యాను. ప్లాంటు పేరు ఇక్కడ అనవసరం. 500 మెగావాట్ల యూనిట్లు (ఒక బాయిలర్, టర్బైన్, జనరేటర్ కలిసిన సెట్టును యూనిట్ అంటాం), బొగ్గు రైల్లో వచ్చే ప్లాంటు, అంతవరకు తెలిస్తే చాలు.

థర్మల్ అనగానే బయట మాట్లాడేది పొగ గురించి, లేకపోతే బొగ్గు కొరత గురించి. లోపలి గోల వేరు. నన్నడిగితే సగానికి పైగా కష్టాలకు మూలం ఒక్కటే. బాయిలర్‌ను ఒక రకం బొగ్గు కోసం డిజైన్ చేస్తారు. అందులో పడేది ఇంకో రకం బొగ్గు.

ముందు ఒక లెక్క చూడండి. 500 మెగావాట్ల యూనిట్ రోజంతా ఫుల్ లోడ్‌లో నడిస్తే కోటీ ఇరవై లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 650 నుంచి 700 గ్రాములు కాలుతుంది. అంటే రోజుకు దాదాపు 8,000 టన్నులు. ఒక గూడ్స్ రేక్‌లో, అంటే ఒక పూర్తి గూడ్స్ రైల్లో, 58 వ్యాగన్లు, సుమారు 3,800 టన్నులు. ఒక్క యూనిట్‌కే రోజూ రెండు రేకులు కావాలి. ఆ బొగ్గులో బూడిద 40 శాతం అనుకుంటే, సాయంత్రానికి 3,000 టన్నులకు పైగా బూడిద మిగులుతుంది. రేపు పొద్దున్నే మళ్లీ అంతా మొదలు. ఈ అంకెలు మనసులో ఉంచుకుంటే మిగతా సమస్యలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

వానాకాలంతో మొదలుపెడతాను, ఎందుకంటే మీకు మొదట తగిలే దెబ్బ అదే. జులై, ఆగస్టుల్లో ఓపెన్‌కాస్ట్ గనుల్లో నీళ్లు నిలిచి తవ్వకం తగ్గుతుంది. వచ్చిన బొగ్గు కూడా దారి పొడవునా తడిసి వస్తుంది. బొగ్గు పొడి, మట్టి కలిసిన ఆ తడి సరుకు అసలు బొగ్గులాగే ఉండదు, బురద. వ్యాగన్ టిప్లర్‌లో వ్యాగన్‌ను తిరగేసినా సగం అడుక్కి అంటుకుని అలాగే ఉంటుంది. రేక్‌ను టైముకు ఖాళీ చేయకపోతే రైల్వేకు డెమరేజ్, అంటే ఆలస్యానికి రుసుము, కట్టాలి. కన్వేయర్ల మధ్య బొగ్గు జారే చూట్‌లు జామ్ అవుతాయి. ఎలాగో తంటాలు పడి బంకర్ (బొగ్గును పిండి చేసే మిల్లు పైన ఉండే పెద్ద తొట్టి) దాకా చేర్చామనుకోండి, అసలు కథ అక్కడ మొదలవుతుంది. బంకర్ నిండుగా ఉంటుంది, కింద మిల్లుకు బొగ్గు అందించే ఫీడర్ మాత్రం ఖాళీగా తిరుగుతుంటుంది. బొగ్గు గోడలకు పట్టేసి మధ్యలో బొక్క పడి నిలిచిపోతుంది.

అర్ధరాత్రి షిఫ్టులో కంట్రోల్ రూమ్‌లో 'నో కోల్' అలారం మోగుతుంది. డెస్క్ ఇంజనీర్ వాకీటాకీలో అరుస్తుంటాడు. కింద ఫీడర్ ఫ్లోర్‌లో కాంట్రాక్టు కార్మికులు బంకర్ గరాటు మీద సమ్మెటలతో కొడుతుంటారు. ఆ మోతకు పక్కవాడి మాట వినపడదు. ఒక్కసారి బొగ్గు జారిందంటే మిల్లులో ఒక్కుమ్మడిగా పడుతుంది. లేదంటే ఇంకో మిల్లు కూడా ఖాళీ అవుతుంది. ఫర్నేస్‌లో మంట ఊగడం మొదలవగానే దాన్ని నిలబెట్టే ఆయిల్ గన్లు వేయాల్సిందే. ఆయిల్ అంటే డబ్బు కాల్చడమే. అదీ అందకపోతే యూనిట్ ట్రిప్, అంటే ఉన్నపళంగా ఆగిపోతుంది.

దీనికి పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. మే నెలలోనే పొడి బొగ్గును విడిగా, వీలైతే షెడ్డు కింద దాచుకోవాలి. అన్ని బంకర్లలో తడి బొగ్గు నింపేయకుండా కనీసం రెండు మిల్లులకు పొడి బొగ్గు దక్కేలా చూసుకోవాలి. బంకర్ గరాటుకు లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ వేస్తే జారుడు బాగుంటుంది. గాలి దెబ్బతో బొగ్గును కదిలించే ఎయిర్ బ్లాస్టర్లు ఉంటే వాటిని వానలకు ముందే సర్వీసు చేయించాలి. ఇవన్నీ అందరికీ తెలిసినవే. కానీ వేసవిలో పీక్ లోడ్ ఉంటుంది. యార్డులో బొగ్గు దాచే ఓపిక ఎవరికీ ఉండదు. పై నుంచి కూడా 'ముందు కాల్చండి, తర్వాత చూద్దాం' అంటారు.

యార్డులో దాచడంలోనూ ఒక మెలిక ఉంది. కుప్ప వదులుగా ఉంటే లోపల గాలి ఆడి బొగ్గు దానంతటదే వేడెక్కి రాజుకుంటుంది. బుల్డోజర్‌తో పొరలు పొరలుగా తొక్కించాలి. ముందొచ్చిన బొగ్గు ముందు వాడాలి. మార్చి నెలలో యార్డు చివర పొగ కనిపిస్తే ఆశ్చర్యపోకండి, కంగారుగా నీళ్లు కొట్టించడమూ చేయకండి. ఆ భాగాన్ని విడగొట్టి పరిచి చల్లార్చడమే పద్ధతి.

ఇక కొరత సంగతి. 2021 అక్టోబరులో దేశంలో చాలా ప్లాంట్లలో నాలుగు రోజుల నిల్వ కూడా లేదు. 2022 ఏప్రిల్ ఎండల్లో బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికి రైల్వే ప్యాసింజర్ రైళ్లనే రద్దు చేసింది. గని పక్కనే కట్టిన రామగుండం లాంటి ప్లాంట్లకు, గనులకు ఎంతో దూరంలో ఉన్న ముద్దనూరు లాంటి ప్లాంట్లకు ఈ విషయంలో పోలికే లేదు. దూరం పెరిగే కొద్దీ రవాణా ఖర్చు బొగ్గు ధరతో పోటీ పడుతుంది. మోసుకొచ్చేదాంట్లో దగ్గర దగ్గర సగం బూడిదేనని గుర్తుంచుకోండి. బూడిదకు రైలు టికెట్ కొంటున్నాం.

నాణ్యత గురించి అయితే ఒక పుస్తకమే రాయొచ్చు. మన బొగ్గుకు జీ1 నుంచి జీ17 దాకా గ్రేడ్లున్నాయి, కెలోరిఫిక్ విలువను బట్టి ధర. బిల్లు ఒక గ్రేడ్‌కు, దిగింది ఇంకో గ్రేడ్ అన్న గొడవ ఎప్పుడూ ఉండేదే. లోడింగ్ దగ్గర మూడో పార్టీ శాంపిల్ తీసే పద్ధతి వచ్చాక కొంత నయం. అయినా రేక్‌లో రాళ్లు, షేల్, ఇనుప ముక్కలు వస్తూనే ఉంటాయి. క్రషర్ ముందు మ్యాగ్నెటిక్ సెపరేటర్ పనిచేయకపోతే ఆ ఇనుప ముక్క చివరికి ఏ మిల్లులోనో తేలుతుంది.

ఇప్పుడు నా సొంత సబ్జెక్టు, ట్యూబ్ లీక్, అంటే నీళ్లు, ఆవిరి పారే బాయిలర్ గొట్టాలకు చిల్లు పడటం. యూనిట్లు అనుకోకుండా ఆగిపోవడానికి బాయిలర్ సైడ్ ఇదే పెద్ద కారణం. బూడిదలో ఎక్కువ భాగం సిలికా. అది ఫ్లూ గ్యాస్‌తో, అంటే ఫర్నేస్ నుంచి వచ్చే వేడి పొగతో, పాటు వేగంగా వచ్చి ట్యూబుల మీద ఏళ్ల తరబడి రుద్దుతుంది. అరుగుదల గ్యాస్ వేగంతో పాటు మామూలుగా పెరగదు, సుమారు దాని ఘనంతో పెరుగుతుంది. అందుకే ఫర్నేస్‌లోకి ఎక్సెస్ ఎయిర్ (అదనపు గాలి) అవసరానికి మించి వేసి నడిపే ఆపరేటర్ తనకు తెలియకుండానే, బాయిలర్‌కు పోయే నీటిని ముందుగా వేడిచేసే ఎకనమైజర్ ట్యూబులను అరగదీస్తుంటాడు.

లీక్‌ను మొదట పట్టేది చెవి. స్క్రీన్ మీద అంతా మామూలుగానే ఉంటుంది, రౌండ్స్‌కు వెళ్లిన వ్యక్తి ఫలానా ఎలివేషన్‌లో పీప్ హోల్ దగ్గర బుస్సుమని శబ్దం వస్తోందంటాడు. అప్పుడు డీఎం వాటర్ మేకప్ (తరుగు పూడ్చడానికి బాయిలర్‌కు పోసే శుద్ధి చేసిన నీళ్లు) చూస్తే కొన్ని గంటలుగా మెల్లగా పెరుగుతూ ఉంటుంది. పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్లు తీసుకునే కరెంటు కూడా. ఇక మల్లగుల్లాలు మొదలు. గ్రిడ్‌లో ఏ యూనిట్ ఎంత నడవాలో చెప్పే లోడ్ డిస్పాచ్ వాళ్లు సాయంత్రం పీక్ దాటేదాకా లాగమంటారు. మెయింటెనెన్స్‌వాళ్లం వెంటనే ఆపమంటాం. సుమారు 170 కేజీల ప్రెషర్‌తో చిమ్మే ఆవిరి పక్క ట్యూబును కోస్తుంది, అది దాని పక్కదాన్ని కోస్తుంది. ఒక్క ట్యూబుతో పోయేది పది అవుతుంది. ఈ వాదనలో నేను ఎప్పుడూ ఆపమనే పక్షమే. సాయంత్రం దాకా సంపాదించింది అదనపు రెండు రోజుల షట్‌డౌన్‌లో పోతుంది.

ఆపాక ఫ్యాన్లతో చల్లార్చి, మ్యాన్‌హోల్ తీసి లోపలికి దిగుతాం. లోపల ఇంకా ఉక్కపోత. మోకాళ్ల దాకా బూడిద, 24 వోల్టుల దీపాల మసక వెలుగు. కాయిల్స్ మధ్య పడుకుని పాకాలి. దొరికిన ట్యూబ్ చూస్తే గ్యాస్ తగిలే వైపు చదునుగా అరిగి, చివరికి కాగితంలా పల్చబడి చిరిగి ఉంటుంది. అవతలి వైపు మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. ఎక్కువగా ఇది బెండ్ల దగ్గర, గోడకూ కాయిల్‌కూ మధ్య సందుల్లో జరుగుతుంది. గ్యాస్ అక్కడ దారి దొరికించుకుని దూసుకుపోతుంది. ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేసి, రేడియోగ్రఫీ తీసి, హైడ్రో టెస్ట్ చేసి, లైటప్ చేసేసరికి రెండు మూడు రోజులు పడుతుంది.

పరిష్కారం ఓవర్‌హాల్‌లో, అంటే యూనిట్‌ను ఆపి చేసే పెద్ద మరమ్మతులో, ఉంది. ప్రతి ఓవర్‌హాల్‌లో అవే చోట్ల అల్ట్రాసోనిక్‌తో ట్యూబుల మందం కొలిచి, పోయినసారి రీడింగ్ పక్కన పెట్టి చూడాలి. పల్చబడిన వాటిని లీకయ్యే ముందే మార్చాలి. బెండ్లకు షీల్డులు, సందుల్లో బాఫిల్స్ పెట్టాలి. కొలతలు అందరూ తీస్తారు, రిజిస్టర్లూ ఉంటాయి. పాత రిజిస్టర్ తిరగేసేవాళ్లే తక్కువ. మీరు మెయింటెనెన్స్‌లో పడితే మొదటి నెలలో చేయదగ్గ పని ఆ రిజిస్టర్లు చదవడం.

క్లింకర్ గురించి ఒక్క మాట, అది ప్రాణాల సంగతి కాబట్టి. బూడిద కరిగి గోడలకు ముద్దలుగా పట్టి, ఒక్కసారిగా ఊడి అడుగున బూడిద పట్టే తొట్టిలో, అంటే బాటమ్ యాష్ హాపర్‌లో, పడుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్‌లో 2017 నవంబరు 1న 500 మెగావాట్ల యూనిట్ బాయిలర్‌లో జరిగిన ప్రమాదానికి అడుగున పేరుకున్న బూడిదే మూలం. 40 మందికి పైగా చనిపోయారు. ట్యూబుల మీద పట్టిన బూడిదను ఊదేసే సూట్ బ్లోయర్లు వరస తప్పకుండా నడపండి. అడుగున జామ్ అయితే, యూనిట్ నడుస్తుండగా దాని ముందు మనుషుల్ని గుమిగూడనివ్వకండి. లోడ్ పోతుందన్న టెన్షన్ మీ పైవాళ్లకు ఉంటుంది, ఉండనీయండి.

కాలుష్యం విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. 2015 డిసెంబరులో కేంద్రం ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, నీటి వాడకం మీద కొత్త పరిమితులు పెట్టింది. సల్ఫర్‌ను తొలగించే ఎఫ్‌జీడీ యంత్రాల గడువు చాలాసార్లు పొడిగించి, చివరికి 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకు మినహాయింపు ఇచ్చారు. మన బొగ్గులో గంధకం తక్కువే, నిజమే. కానీ చుట్టుపక్కల ఊళ్లను రోజూ బాధపెట్టేది ధూళి. పొగలోని ధూళిని కరెంటుతో పట్టే ఈఎస్పీలో ఒక ఫీల్డ్ (భాగం) పనిచేయకపోయినా, హాపర్ నిండి బూడిద పైకి తన్నినా చిమ్నీ నుంచి వచ్చే పొగ రంగు వెంటనే మారుతుంది. కోట్లు పెట్టి కొత్త యంత్రం కొనే ముందు ఉన్న ఈఎస్పీని అన్ని ఫీల్డులతో నడిపితే ఊరివాళ్లు సగం తిట్లు మానేస్తారు.

బూడిదను నీళ్లతో కలిపి వదిలే చెరువు, యాష్ పాండ్ కూడా అంతే. ఏప్రిల్, మే గాలులకు ఎండిన పాండ్ మీద నుంచి బూడిద లేచి ఇళ్లలో, పొలాల్లో పడుతుంది. మిరప కల్లంలో ఆరబోసినప్పుడు బూడిద పడితే రైతు ఊరుకుంటాడా? ప్లాంట్లు బూడిదంతా ఏదో ఒక పనికి వాడాల్సిందేనని 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ చెబుతోంది. జగ్గయ్యపేట, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు దగ్గరగా ఉన్న ప్లాంట్లకు పొడి బూడిద అమ్ముకోవడం తేలిక. ఇటుకలకు, రోడ్లకు కూడా పోతుంది. చిక్కల్లా పాండ్‌లో దశాబ్దాలుగా పేరుకున్న పాత తడి బూడిదతోనే, దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

మీ తరానికి అసలు పరీక్ష సోలార్. మా రోజుల్లో యూనిట్‌ను ఫుల్ లోడ్‌లో పెట్టి వదిలేస్తే గొప్ప ఆపరేటర్. ఇప్పుడు మధ్యాహ్నం సోలార్ రాగానే 55 శాతానికి దించమంటారు, పొద్దు గూకగానే మళ్లీ ఎక్కించమంటారు. దశలవారీగా 40 శాతానికి దిగాలని లక్ష్యం. తక్కువ లోడ్‌లో మంట నిలకడగా ఉండదు, ఆవిరి టెంపరేచర్ పడిపోతుంది. రోజూ వేడెక్కి చల్లారే దళసరి హెడర్లలో (ట్యూబులన్నీ కలిసే పెద్ద పైపుల్లో) పగుళ్లు వస్తాయి. ఆ లోడ్‌లో బొగ్గు ఖర్చు యూనిట్ కరెంటుకు ఎక్కువే. నా దృష్టిలో దీనికి మందు బాయిలర్‌లో కంటే బయటే ఎక్కువుంది. వ్యవసాయ పంపుల లోడ్‌ను పగటికి జరపాలి. శ్రీశైలం ఎడమ గట్టు, నాగార్జునసాగర్‌లలో ఎప్పటినుంచో ఉన్న రివర్సిబుల్ టర్బైన్లను మధ్యాహ్నం నీళ్లు తిరిగి పైకి ఎత్తే పంపులుగా బాగా వాడాలి. అప్పుడు పాత 200, 500 మెగావాట్ల యూనిట్ల మీద ఇంత బరువు పడదు. యాదాద్రి లాంటి 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ (ఇంకా ఎక్కువ ప్రెషర్, వేడితో నడిచే) యూనిట్లు బొగ్గు తక్కువ తింటాయి కానీ, వాటినీ రోజూ దించి ఎక్కిస్తుంటే ఆ లాభం కొంత కరిగిపోతుంది.

చివరిగా, మీరు అడగకపోయినా చెబుతాను. మొదటి పోస్టింగ్ కోల్ హ్యాండ్లింగ్‌లో వేస్తే ముఖం మాడ్చుకోకండి. ట్రైనీలందరూ ఏసీ ఉన్న కంట్రోల్ రూమ్ కోసం పైరవీలు చేస్తారు. ఏ రేక్‌లో ఎలాంటి బొగ్గు దిగింది, అది ఏ బంకర్‌లోకి పోతోంది అన్నది యార్డులో ఒక వర్షాకాలం గడిపినవాడికే తెలుస్తుంది. అది తెలిసిన ఇంజనీర్ డెస్క్ మీద కూర్చుంటే, మిల్లు ఔట్‌లెట్ టెంపరేచర్ రెండు డిగ్రీలు తగ్గగానే ఏం జరగబోతోందో పసిగడతాడు. మంచి డస్ట్ మాస్క్ మాత్రం సొంత డబ్బుతో కొనుక్కుని వెళ్లండి, స్టోర్స్ నుంచి వచ్చేదాకా ఆగకండి.