మొదటి బిడ్డ తర్వాత గ్యాప్ కోసం మా కనిగిరి, పొదిలి వైపు ఉచితంగా ఏం దొరుకుతాయి?

చెల్లీ, బిడ్డకి ఏడు నెలలు, మీ ఆయన బెంగళూరులో తాపీ పనికి పోయి పండగలకి వస్తాడు, మెడికల్ షాపులో అడగాలంటే డబ్బుకి డబ్బు, సిగ్గుకి సిగ్గు అన్నావు. ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారా, మీ ఆయన సంతకం కావాలంటారా అని అడిగావు. సంతకం సంగతి ముందు చెప్తా. అక్కర్లేదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కే భర్త సంతకం అవసరం లేదని కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో ఉంది, ఇక మాత్రలకీ ఇంజెక్షన్‌కీ గర్భసంచిలో పెట్టే కాపర్-టీకీ ఎందుకు? ఎవరన్నా అడిగితే ఆ మాటే చెప్పు, గట్టిగానే చెప్పు.

ఇంకోటి, పాలిస్తున్నాలే, గర్భం రాదు అనుకోవద్దు. బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా, అదీ తల్లిపాలు తప్ప మరేమీ పట్టకుండా, నెలసరి మళ్ళీ మొదలవకుండా ఉన్నప్పుడే ఆ ధీమా. నీకు ఆ గడువు దాటిపోయింది.

మాది పొదిలి దగ్గర పల్లె. పెద్దదానికీ చిన్నోడికీ మధ్య నాలుగేళ్ళు ఎడం పెట్టుకున్నా, మందుకంటూ రూపాయి పెట్టలేదు. మొదట ఛాయ మాత్రలు. ఇవి హార్మోన్ మాత్రలు కావు, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ) వాళ్ళు కనిపెట్టినవి, బయట సహేలి పేరుతో అమ్ముతారు. పాలిచ్చేవాళ్ళూ వాడొచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒక్కటే. మరిచిపోకుండా ఉండాలని పాల లెక్క రాసుకునే క్యాలెండర్లోనే ఆదివారం, బుధవారం గడిలో చిన్న చుక్క పెట్టుకునేదాన్ని, మా అత్తయ్య చూసినా పాల లెక్కే అనుకునేది. నెలసరి కాస్త ఆలస్యంగా వస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు. కామెర్లు, పీసీఓడీ (అండాశయాల్లో నీటి తిత్తులు) లాంటివి ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

తర్వాత అంతర ఇంజెక్షన్‌కి మారాను. మూడు నెలలకోసారి సూది, అంతే, ఇంట్లో దాచుకోవాల్సిందేమీ ఉండదు. 2017 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఇస్తున్నారు. సూది వేసిన చోట రుద్దకూడదు. నెలసరి అటూ ఇటూ అవుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది, అది ఒంట్లో చెడు రక్తం నిలిచిపోవడం కాదు, మందు చేసే పనే అది. ఆపేశాక మళ్ళీ గర్భం రావడానికి ఏడెనిమిది నెలలు, ఇంకొంచెం ఎక్కువ కూడా పట్టొచ్చు, కాబట్టి రెండో బిడ్డ ఎప్పుడు కావాలో లెక్క వేసుకుని ఆపు. బీపీ బాగా ఎక్కువున్నా, రొమ్ములో గడ్డ ఉన్నా, కారణం తెలియకుండా బ్లీడింగ్ అవుతున్నా డాక్టరుకి చెప్పకుండా వేయించుకోవద్దు. ఏళ్ళ తరబడి గ్యాప్ కావాలంటే కాపర్-టీ ఉంది, ఐదేళ్ళది, పదేళ్ళది. కాన్పయిన 48 గంటల్లోపు కూడా వేస్తారు, ఈ ముక్క కడుపుతో ఉన్నవాళ్ళకి చెప్పు.

ఇవన్నీ ఉన్నాయని మనకెందుకు తెలియదంటే, మన దగ్గర ఇద్దరు పుట్టగానే ఆపరేషన్, కథ అయిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు, వాళ్ళ ఆపరేషన్ మనదానికంటే ఎంతో చిన్నదైనా సరే. ఇక పెళ్ళికీ ఆ ఆపరేషన్‌కీ మధ్య ఏం చేయాలన్నది ఎవరూ చెప్పరు. మా పక్కింటమ్మాయి షాపులో గర్భం పోయే మాత్రలు తెచ్చుకుని డాక్టరుకి చూపించుకోకుండా మింగి, బ్లీడింగ్ ఆగక అర్ధరాత్రి ఆటోలో ఒంగోలు తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఛాయ అనే మాత్ర ఒకటి ఉందని ఆ పిల్ల చెవిన ఒక్కరన్నా వేసి ఉంటే ఆ రాత్రి ఉండేది కాదు.

ఉచితం అంటారు గానీ, ఆ ఉచితం మందుకే. పొగాకు గ్రేడింగ్ రోజుల్లో పొద్దున పనిలోకి వెళ్తే సాయంత్రానికి గానీ రాలేం, ఆసుపత్రి ఓపీ కూడా సరిగ్గా ఆ వేళకే. ఒక సూది కోసం రోజు కూలీ పోయి, పైన ఆటో ఛార్జీ. తీరా వెళ్తే స్టాకు లేదమ్మా, వచ్చే వారం రా అన్నారు, ఇంకో కూలీ పోయింది. స్టాకు ఎందుకుండదంటే, అడిగేవాళ్ళు లేరని ఇన్ని కావాలని పైకి ఇండెంట్ పెట్టరు, అడిగిన ఒకరిద్దరు లేదనిపించుకుని మళ్ళీ ఆ గడప తొక్కరు. మా డ్వాక్రా గ్రూపులో కొందరం కలిసి నేరుగా పీహెచ్‌సీ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళి, మా ఊళ్ళో ఇంతమందికి ఛాయ కావాలి, ఇంతమందికి అంతర కావాలి అని పేర్లు రాసిచ్చాం. అప్పటినుంచి మాత్రలు ఆశమ్మ చేతికే వస్తున్నాయి. సాయంత్రం పూట వారానికి ఒక్కరోజైనా ఓపీ పెట్టండని కూడా అడిగాం, అది ఇంకా జరగలేదు, మళ్ళీ అడుగుతాం. అంగన్‌వాడీ అరుగు మీద పదిమంది ముందు నీకేం కావాలమ్మా అని అడగడం కూడా మానాలి. తలుపున్న గది ఒకటి చాలు.

నువ్వు చేయాల్సింది: బిడ్డ తొమ్మిదో నెల టీకా దాకా ఆగకు. రేపే ఆశమ్మకి ఫోన్ చేసి ఛాయ, అంతర అని పేర్లు పెట్టి అడుగు, ఊరికే "ఏమన్నా మాత్రలున్నాయా" అంటే తల్లిపాలు తగ్గించగల హార్మోన్ మాత్ర మాలా-ఎన్ చేతిలో పెట్టే అవకాశం ఉంది, అది నీకిప్పుడే మొదటి ఎంపిక కాదు. 2011లో పెట్టిన పథకం ప్రకారం ఆశమ్మ ఇంటికి తెచ్చిచ్చే నిరోధ్ మూడింటి ప్యాకెట్ ఒక్క రూపాయికే, 72 గంటల్లోపు వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర రెండు రూపాయలకే. ఆ మాత్ర ఎప్పుడో అత్యవసరానికే, అలవాటుగా కాదు. నెలసరి ఇంకా మొదలవకపోతే గర్భం లేదని టెస్టు చేసి ఛాయ మొదలుపెడతారు. మీ ఆయన పండక్కి బస్సెక్కేలోపే ఈ పని పూర్తి చేసుకో. స్టాకు లేదంటే ఏ ఆసుపత్రో ఇక్కడ రాయకుండా మండలం పేరు మాత్రం చెప్పు, ఆ పక్క మండలంలో ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని చెప్తా.