రివ్యూలు బాగున్నా హాలు ఎందుకు నిండదంటే

అన్ని రివ్యూలూ మెచ్చుకున్న సినిమాకి హాల్లో పదిమంది కూడా లేరని బాధపడ్డారు కదండీ, తప్పు సినిమాది కాకపోవచ్చు. సినిమా ఎలా ఉందో రివ్యూ చెబుతుంది. ఇప్పుడే వెళ్లాలా, ఓటీటీలో వచ్చేదాకా ఆగొచ్చా అన్నది మాత్రం టికెట్ కొనేవాళ్లే తేల్చుకుంటారు.

1994 నాటి 'ది షాషాంక్ రిడెంప్షన్' చూడండి. సుమారు 2.5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే, అమెరికాలో మొదటి విడుదలకి వచ్చింది దాదాపు 1.6 కోట్లే. నోరు తిరగని పేరు, పైగా జైలు కథ. 7 ఆస్కార్ నామినేషన్లు వచ్చాక, వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని మరీ జనం నెత్తిన పెట్టుకున్నారు.

నన్నడిగితే అసలు దెబ్బ మొదటి వారాంతంలోనే. అప్పుడు సీట్లు నిండకపోతే షోలు తగ్గించేస్తారు. మౌత్ టాక్ అందుకునేసరికి ఎవరికీ కుదరని మధ్యాహ్నం ఆట ఒక్కటే మిగులుతుంది. మీకు నచ్చే రకం సినిమా అయితే మొదటి మూడు రోజుల్లోనే వెళ్లండి, ఇంకో నలుగురిని తీసుకెళ్లండి.