బట్టలు ఉతికితే పర్యావరణ సర్‌ఛార్జి ఏంటండీ?

ప్రశ్న: మేము కాన్సాస్‌లోని ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉంటాం. పెళ్లికి కట్టిన పట్టుచీరలు, మావారి సూటు డ్రైక్లీనింగ్‌కి ఇస్తే 40 డాలర్ల బిల్లు మీద సేల్స్ ట్యాక్స్ కాక ‘ఎన్విరాన్‌మెంటల్ సర్‌ఛార్జి’ అని ఇంకో డాలరు వేశారు. గవర్నమెంటుకే పోతుందట. షాపు బోర్డు మీదేమో ‘మేము పెర్క్ వాడం’ అని రాసుంది, పెర్క్ అంటే డ్రైక్లీనింగ్‌లో మురికి వదిలించే ఓ సాల్వెంటు (రసాయన ద్రవం) అట. మరి మేమెందుకు కట్టాలి? కొత్తవాళ్లమని మోసం చేస్తున్నారా?
– ఓ పాఠకురాలు

జవాబు: మోసం కాదండీ, లెక్క కూడా సరిపోయింది. కాన్సాస్‌లో 1995 నుంచి దీనికో చట్టం ఉంది, రేటు 2.5 శాతం. నీళ్లతో ఉతికి ఇస్త్రీ చేసిచ్చే చొక్కాలకీ పడుతుంది. నాణేలేసి మనమే ఉతుక్కునే లాండ్రీలకి మాత్రం లేదు.

ఇక పెర్క్ సంగతి. మీ షాపువాళ్లు ఇవాళ వాడకపోవచ్చు, కానీ ఈ డబ్బు పాత పాపాలు కడగడానికి. పెర్క్, అంటే పెర్‌క్లోరోఇథిలీన్, నీటికంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు కాబట్టి ఒలికిందంటే నేలలోకి ఇంకి, భూగర్భజలాల అడుక్కి చేరి, అక్కడే ఏళ్లతరబడి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. వెనకట మిషన్లో పెర్క్ నుంచి వేరుపడిన నీళ్లని, వాటిలో కాస్త పెర్క్ మిగిలున్నా, డ్రెయిన్లోకి వదిలేసేవాళ్లు, అవి పైపు అతుకుల్లోంచి కారేవి. తాగేనీటిలో పెర్క్ లీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికాలో రూలు, అంటే ఒక్క డబ్బా ఒలికినా ఎంత నీళ్లు పాడవుతాయో ఊహించుకోండి. అదంతా బాగుచేయాలంటే మొగుడూ పెళ్లాం నడుపుకునే చిన్న షాపుని అమ్మినా చాలదు, కొన్నిచోట్ల అడగడానికి ఆ పాత ఓనరే ఉండడు. అందుకే అందరి దగ్గరా తలా కాస్త తీసుకుని ఫండు పెట్టారు.

టెక్సస్‌లో ఇలా బిల్లు మీద శాతం వేయరు. షాపులు ఏటా కట్టే ఫీజు కాక, గ్యాలన్ పెర్క్‌కి 20 డాలర్లు, వేరే సాల్వెంట్లకి 3. విషం కొన్నవాడే ఎక్కువ కడతాడు కాబట్టి నాకైతే ఇదే న్యాయం అనిపిస్తుంది. కాకపోతే డ్రైక్లీనింగ్‌లో పెర్క్‌ని పదేళ్లలో ఆపేయాలని 2024 డిసెంబరులో కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ రూలు తెచ్చింది, కొనేవాళ్లే లేకపోతే ఆ ఫండుకి డబ్బెక్కడిది? ఆ విషయంలో కాన్సాస్ పద్ధతే గట్టిది.

ఒక్క జాగ్రత్త. హ్యాంగర్లకనీ, ప్లాస్టిక్ కవర్లకనీ ‘ఎన్విరాన్‌మెంటల్ ఫీ’ పేరుతో సొంతంగా వడ్డించే షాపులూ ఉంటాయి. మీ దగ్గర ఆ లైను 2.5 శాతం దాటితే ఎందుకని నిలదీయండి, సరైన జవాబు రాకపోతే బిల్లుతో సహా రాష్ట్ర రెవెన్యూ శాఖకి రాయండి.