ఎడమ జఠరిక గోడ మందం ఎందుకు?

గుండెలో ఎడమ జఠరిక (రక్తాన్ని బయటికి నెట్టే రెండు కింది గదుల్లో ఎడమది) గోడ అంత మందంగా ఉంది కాబట్టి కుడిదాని కంటే ఎక్కువ రక్తం పంపాలి కదా అని అడిగారు. లేదండీ, రెండూ పంపేది సమానమే. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లలో ఒక్కో స్పందనకు ఇటు సుమారు 70 మి.లీ., అటూ అంతే. నిమిషానికి దాదాపు 5 లీటర్లు.

తేడా అంతా పీడనంలోనే. కుడి జఠరిక పంపేది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు. అక్కడి రక్తనాళాలు పెద్దగా అడ్డుకోవు, 25 మి.మీ. పాదరస పీడనం సరిపోతుంది. ఎడమది తల నుంచి కాలివేళ్ల దాకా నెట్టాలి, దానికి 120 దాకా కావాలి. బీపీ చూసినప్పుడు చెప్పే పై అంకె దాదాపు ఇదే. అందుకే అంత కండ.

నిజానికి సమానంగా పంపకపోతేనే ప్రమాదం. ఎడమది స్పందనకు 1 మి.లీ. తక్కువ పంపుతూ పోయిందనుకోండి, నిమిషం తిరిగేసరికి 70 మి.లీ. దాకా రక్తం ఊపిరితిత్తుల వైపు నిలిచిపోతుంది! మామూలుగా ఆ పరిస్థితి రాదు. ఎక్కువ రక్తం వచ్చి జఠరిక కండరం కాస్త ఎక్కువ సాగితే, ఆ వెంటనే వచ్చే సంకోచం కూడా అంత బలంగా ఉంటుంది. లెక్క దానంతటదే సరిపోతుంది. ఎడమ జఠరిక బాగా బలహీనపడితే మాత్రం ఈ సర్దుబాటు చాలదు, పడుకుంటే ఆయాసం వచ్చేది అందుకే.

అన్నట్టు, పుస్తకాల్లో గుండె బొమ్మను మీకు ఎదురుగా నిలబడ్డ మనిషి గుండెలా చూడాలి. మీ కుడిచేతి వైపు కనిపించేదే ఎడమ జఠరిక.