ప్యాడ్ల పైబట్టకు మెత్తదనం ఎలా వస్తుంది?

ప్రశ్న: మా డ్వాక్రా సంఘం శానిటరీ ప్యాడ్లు తయారుచేస్తోంది. పైన వేసే నాన్‌వోవెన్ బట్ట (నేయకుండా పోగులను అతికించి చేసేది) గరుకుగా ఉందని, కదిలితే చప్పుడవుతోందని వాడినవారు చెబుతున్నారు. వ్యాపారి ‘మెత్తని పాలిమర్ కలిపిన రకం’ అంటూ ఎక్కువ ధరకు మరొకటి చూపిస్తున్నారు. కలిపితే నిజంగా మెత్తబడుతుందా? కొనే ముందు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మెత్తబడుతుంది. అయితే ఏది కలిపారు, ఎలా కలిపారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది కనుక, ఆ ఒక్క మాట మీద ఎక్కువ ధర పెట్టవద్దు.

ఇలాంటి ప్యాడ్లకు ఎక్కువగా వాడేది స్పన్‌బాండ్ పాలీప్రొపిలీన్. కరిగించిన ప్లాస్టిక్‌ను సన్నని రంధ్రాల గుండా పోగులుగా దింపి, గాలి వేగంతో సాగదీసి, కదిలే జాలీ పట్టీ మీద పరచి, బుడిపెలు చెక్కిన వేడి రోలరు కింద నొక్కుతారు. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ నొక్కుళ్లు చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తాయి. అక్కడ పోగులు కరిగి అతుక్కుపోయి ఉంటాయి కనుక చుక్కలు ఎంత ఒత్తుగా ఉంటే బట్ట అంత బిరుసుగా ఉంటుంది.

పాలీప్రొపిలీన్ అణుగొలుసులు క్రమంగా పేరుకొని స్ఫటికాలు కట్టడం బిరుసుతనానికి మరో కారణం. ప్రొపిలీన్ ఎక్కువగా, ఇథిలీన్ తక్కువగా ఉండే సాగే పాలిమర్‌ను తగు పాళ్లలో చేరిస్తే, అది ప్రధాన పాలిమర్‌తో చక్కగా కలిసిపోయి ఆ స్ఫటికాల బిగువును తగ్గిస్తుంది. పాళ్లు మించితే పోగులు జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుంటాయి, బట్ట బలం కూడా తగ్గుతుంది.

పాలిథీన్ సంగతి వేరు. అది చేతికి ఎంతో మృదువుగా ఉన్నా, కరిగిన పాలీప్రొపిలీన్‌లో కలవకుండా విడిగా బొట్లు కడుతుంది, దాంతో దింపేటప్పుడే పోగులు తెగుతాయి. అందుకే లోపల పాలీప్రొపిలీన్, చుట్టూ తొడుగులా పాలిథీన్ ఉండే జంట పోగులు తీస్తారు. ఈ రకం కొంటే మీ సీలింగ్ యంత్రం వేడిని తగ్గించుకోవాలి. పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, పాలిథీన్ రకాన్ని బట్టి 110–135 మధ్యనే కరుగుతుంది.

పోగు సన్నదనాన్ని మాత్రం ఏ కలయికా భర్తీ చేయలేదని నా అభిప్రాయం. అదే ప్లాస్టిక్ పోగు మందాన్ని సగానికి తగ్గిస్తే, వంగడానికి అది చూపే నిరోధం పదహారో వంతుకు పడిపోతుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్ననూలు వడికే పొందూరు పక్కనున్న మీకు ఈ సంగతి కొత్త కాదు.

కొందరు పోగుల్లో ఎరుకమైడ్ అనే జారుడు పదార్థం కూడా చేరుస్తారు. ఆవనూనెలో ఉండే ఎరుసిక్ ఆమ్లం నుంచి వచ్చే ఈ మైనపు పదార్థం మెల్లగా పోగు పైకి చేరి పట్టులాంటి స్పర్శనిస్తుంది. కనుక కొత్త రోలును తెచ్చిన రోజే కాక కొన్నాళ్లు ఆగి మరోసారి తాకి చూడండి.

రెండు నమూనాలూ ఒకే జీఎస్ఎమ్‌వి (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) అడగండి. లేకపోతే పలుచటి బట్టనే మెత్తనిదని పొరబడతారు. చెవి దగ్గర నలిపి చప్పుడు వినండి, చెంపకు రుద్ది చూడండి. తర్వాత ఒక నీటి చుక్క వేయండి. ఈ ప్లాస్టిక్‌లు సహజంగా నీటిని పీల్చవు, పైపూత ఉంటేనే చుక్క కిందికి దిగుతుంది. ఎంత మెత్తగా ఉన్నా, చుక్క ముత్యంలా పైనే నిలిచిన బట్ట మీ పనికి రాదు.

ప్రశ్న: ఈ మెత్తని రకాలు మట్టిలో కలిసిపోతాయా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కలవవు. పాలీప్రొపిలీన్, పాలిథీన్ రెండూ ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. మొక్కల పిండిపదార్థం నుంచి తీసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ జీర్ణమవుతుంది గానీ, అందుకు 60 డిగ్రీలకు దగ్గరగా వేడి నిలిచే కంపోస్టు కేంద్రం కావాలి, పెరటి గుంత చాలదు. పైగా అది స్వతహాగా పెళుసు కావడంతో, మెత్తదనం కోసం దానికీ మరో జీర్ణమయ్యే పాలిమర్‌ను కలపవలసి వస్తుంది.