మామగారు రెండుసార్లు పడ్డారు, కర్ర కొనాలా?

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ప్రోస్టేట్‌కి రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటారు. ఈ వానల్లో దొడ్లో రెండుసార్లు పడ్డారు. దెబ్బలేం తగల్లేదు, పాచి మీద కాలు జారిందంటారు. చేతికర్ర కొందామంటే "నేనేమన్నా ముసలాణ్ణా" అని కోప్పడుతున్నారు. ఏం చేయమంటారు డాక్టరుగారూ?
- ఒక కోడలు, ముమ్మిడివరం

జవాబు: ఎక్కడ పడ్డారో రాశారమ్మా, ఏ వేళప్పుడో రాయలేదు. తెల్లవారుజామున మంచం దిగి బాత్రూమ్‌కి వెళుతూనా? అలాగైతే నేను పాచిని ఒక్కదాన్నే అనుమానించను. వానాకాలంలో పాచి పట్టని దొడ్డి కోనసీమలో ఎవరికుంది? మీరూ అందులోనే తిరుగుతున్నారు కదా.

బీపీ మాత్రకి ప్రోస్టేట్ మాత్ర తోడైతే కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. పాత షుగరు వల్ల కూడా అలా జరగొచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే మాత్రలు రాసిన డాక్టరుకి చెప్పండి. మీ అంతట మీరు మానిపించొద్దు. మామూలుగా కూర్చోబెట్టి చూసి పంపేస్తుంటారు, అందుకని నిలబెట్టి చూడమని అడగండి.

ఇక ఇంట్లో చేయగలిగేది. అరుగు మీద కుర్చీ వేసి, మూడు మీటర్ల దూరంలో ముగ్గుపిండితో గీత గీయండి. ఆయన లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్లి, వెనక్కొచ్చి కూర్చోవాలి. పక్కన ఒకరుండాలి. పన్నెండు సెకన్లు, ఆపైన పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టే. పరీక్ష అనగానే పెద్దాయనలు పంతానికి పోయి పరుగు తీస్తారు, అది లెక్కలోకి రాదు! నేనైతే సెకన్లకన్నా ఆయన వెనక్కి తిరిగే తీరు చూస్తాను. బుడిబుడి అడుగులు వేస్తున్నారా, చెయ్యి గోడ కోసం వెతుకుతోందా అని. కళ్లు మూయించి కాలివేళ్ల కొసలు మెల్లగా తాకి చూడండి. స్పర్శ తెలియకపోతే షుగరు నరాల దాకా వెళ్లిందేమో చూపించాలి.

పాచిని బ్లీచింగ్ వేసి రుద్దించండి. దొడ్లో బల్బు, రాత్రికి మంచం పక్కన యూరిన్ పాట్ పెట్టండి. కాళ్లు కిందికి వేసి కాసేపు కూర్చున్నాకే లేవమనండి. కర్ర కొనేది ఈ పరీక్షలయ్యాకే. నిలబడి చెయ్యి వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి.

ఆయనకి కార్తీక సోమవారాల ఉపవాసం అలవాటుంటే షుగరు మాత్ర సంగతి ముందే డాక్టర్ని అడగండి. ఖాళీ కడుపున మాత్ర వేసుకుని చీకట్లో రేవు మెట్లు దిగడం నాకు మీ దొడ్డి పాచికన్నా ఎక్కువ టెన్షన్.